రాయి ఎత్తే ముందు: గోదావరి లోయలో శిలాజాలు చూడడం ఎలా

శిలాజాల కోసం బయలుదేరిన వాళ్లు సాధారణంగా కళ్లు నేలకు అప్పగించి నడుస్తారు. మా బడి పిల్లలకు నేను ముందు తలెత్తి చూడమని చెబుతాను. ఎదురుగా ఉన్న గుట్ట ఏ రాయి, వాగు గట్టు ఏ రాయి అన్నది తెలియకుండా ఎంత వెతికినా దొరికేది కంకరే. హైదరాబాదు చుట్టూ కనిపించే గ్రానైటు కరిగిన శిలాద్రవం భూమి లోపల చల్లారి గట్టిపడినది. పాపికొండల ఖొండలైటు వేడికీ ఒత్తిడికీ రూపమే మారిపోయినది. ఈ రెండింట్లో ఆకులు, గవ్వలు వెతకడం వృథా శ్రమ. బురద, ఇసుక, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారిన చోటుకే వెళ్లాలి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ, తన పటాలను ‘భూకోశ్’ అనే పోర్టల్‌లో పెట్టింది. మీ మండలం కింద ఏ రాయి ఉందో ఇంట్లోనే చూసుకుని బయలుదేరండి.

నేను రాజమండ్రి దగ్గర ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. కాబట్టి నాకు బాగా తెలిసిన గోదావరి లోయనే ఉదాహరణగా తీసుకుంటాను. ఆకులు, కీటకాలు, సముద్ర జీవులు మూడూ ఈ లోయలో ఉన్నాయి. అవి ఉన్న రాళ్లు వేరు, కాలాలు వేరు, వెతికే తీరూ వేరు.

ఆకుల కోసం బొగ్గు ఉన్న వైపు చూడాలి. 1871లో జీఎస్ఐకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. సింగరేణి కథ అక్కడ మొదలవుతుంది. ఆ బొగ్గు పెర్మియన్ కాలపు చిత్తడి అడవులది. ఆ కాలం సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మొదలై 25 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. ఆకు ముద్రలు బొగ్గులో కన్నా దానికి పైనా కిందా ఉండే బూడిదరంగు షేల్ రాతిలో (బురద పొరలు గట్టిపడి ఏర్పడిన రాయి) స్పష్టంగా ఉంటాయి. ఎక్కువగా కనబడేది గ్లాసోప్టెరిస్. పొడవాటి మామిడాకు ఆకారం, మధ్యలో గట్టి ఈనె. ఆకారం చూసి ఆగిపోకండి. పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం పెట్టి ఈనెకు ఇరువైపులా చూడండి. సన్నని నరాలు ఒకదానితో ఒకటి కలిసి వలలా అల్లుకుని ఉంటే అది గ్లాసోప్టెరిస్ అనుకోవచ్చు. వల ఉండి మధ్య ఈనె స్పష్టంగా లేకపోతే దాని బంధువు గంగమోప్టెరిస్ కావచ్చు.

ఈ ఆకు గురించి చెప్పేటప్పుడు దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ 1912లో మంచులో ప్రాణాలు విడిచిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం సంగతి నేను తప్పకుండా చెబుతాను. నడవలేని స్థితిలోనూ వాళ్లు వదిలెయ్యని సుమారు 16 కిలోల రాళ్లలో గ్లాసోప్టెరిస్ ఉంది. అదే ఆకు ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, మన గోదావరి లోయలో దొరుకుతుంది. ఆ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి బలమైన సాక్ష్యాలలో ఇది ఒకటి. ఆ మహాఖండానికి గోండుల నేల పేరు మీదుగానే గోండ్వానా అని పేరు వచ్చింది. ఆదిలాబాద్ పిల్లలకు ఇది తప్పనిసరిగా తెలియాలని నా కోరిక.

గనిలోకి మాత్రం అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. ఓపెన్‌కాస్టు గని పక్కన పోసే ఓబీ మట్టి కుప్పలు (బొగ్గు మీది నుంచి తవ్వి తీసిన మట్టీ రాళ్లూ) కూడా జారిపోతాయి. బడి తరఫున ఉత్తరం రాసి, గని అధికారుల వెంట వెళ్లడమే మార్గం.

కీటకాల మాటకు వస్తే, ప్రాణహిత ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ దగ్గర ఉన్న కోట గ్రామం పేరుతో పిలిచే జురాసిక్ కాలపు రాళ్లు ఉన్నాయి. అందులోని సున్నపురాయి పొరల్లో చేపలు, కీటకాలు దొరికాయి. అది అటవీ ప్రాంతం. సొంతంగా వెళ్లి తవ్వే చోటు కాదు. హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. యామనపల్లి దగ్గర దొరికిన ఆ డైనోసార్‌ను శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ముందు దాన్ని చూడండి. కీటక శిలాజం ఏ రాతిలో ఉన్నా చూసే పద్ధతి ఒకటే. పూర్తి పురుగు ఆకారం కోసం ఎదురుచూడకండి. చాలాసార్లు మిగిలేది రెక్క ఒక్కటే, అదీ వేలిగోరు కన్నా చిన్నది. రాయిని ఎండకు ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. రెక్క మీది నాళాలు సన్నని గీతలుగా మెరిసి మాయమవుతాయి. మిట్టమధ్యాహ్నపు నిట్టనిలువు ఎండలో అవి కనబడవు. ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగు తరువాత చూడడం మేలు.

ఇక సముద్ర జీవులు. ఇది మా ఊరి విషయం కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

రాజమండ్రి పక్కన కాతేరు, గోదావరి దాటితే పంగిడి, గౌరీపట్నం. ఈ ఊళ్ల క్వారీల్లో నల్లరాయి కొట్టి రోడ్లకు కంకర చేస్తారు. ఆ నల్లరాయి దక్కన్ లావా. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి ఇక్కడి తీరాన్ని చేరిందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. క్వారీ నిలువు గోడను దూరంగా నిలబడి చూడండి. కింద నల్లరాయి, దాని మీద లేత రంగు పొర, ఆ పైన మళ్లీ నల్లరాయి. ఆ మధ్య పొర, రెండు లావా ప్రవాహాల నడుమ సముద్రపు నీరు, ఉప్పుకయ్య నీరు వచ్చి నిలిచిన కాలానిది. గవ్వలు, ఆల్చిప్పలు అందులో ఉంటాయి. అడుగు లావాకు కింద ఉన్న పొరల్లో పొడవుగా మెలితిరిగిన టరిటెల్లా గవ్వలు ఉంటాయి. భూశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో ఈ ప్రాంతపు పొరల్లోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలను పరిశీలించింది. దక్కన్ లావా ప్రధాన ఘట్టం, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గరలోనే ముగిసిందని ప్రకటించింది. డైనోసార్ల అంతానికి ఈ లావా కారణమా అని ప్రపంచమంతా చర్చించే ప్రశ్నకు ఆధారం మా కంకర క్వారీల్లో ఉంది. ఆ పొర రోజూ క్రషర్‌లోకి పోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

క్వారీకి యజమాని అనుమతి తీసుకుని, బ్లాస్టింగ్ వేళలు అడిగి తెలుసుకుని వెళ్లండి. నిలువు గోడ కిందికి ఎవరూ వెళ్లకూడదు. గోడలో ఏముందో దాని నుంచి రాలిన రాళ్లే చెబుతాయి. వర్షాకాలం వెళ్లిన వెంటనే, మట్టి కడుక్కుపోయి గుల్లలు పైకి తేలి ఉన్నప్పుడు, సుత్తి అవసరం కూడా పెద్దగా ఉండదు. సుత్తి వాడక తప్పకపోతే కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. నల్లరాయి పెచ్చు కత్తిలా ఎగురుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. శిలాజం కనిపించగానే చెయ్యి ముందుకు పోతుంది. ఆపండి. తీసిన తరువాత ఆ రాయి ఎంత అందమైనదైనా, ఎక్కడిదో తెలియకపోతే శాస్త్రానికి అది పనికిరాదు. పై పొరదా, కింది పొరదా అన్న ఒక్క ముక్క మీదే దాని కాలం ఆధారపడి ఉంటుంది. కాబట్టి ముందు ఉన్నచోటే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం చాలు. తరువాత నాలుగడుగులు వెనక్కి వచ్చి, చుట్టుపక్కల పొరలన్నీ కనబడేలా ఇంకో ఫొటో. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. రాయి పొరలోనే అంటుకుని ఉందా, కింద విడిగా పడి ఉందా అన్నది తప్పకుండా రాయండి. పొరలో ఉంటే, సులభంగా గుర్తుపట్టగల హద్దు నుంచి, ఉదాహరణకు కింది నల్లరాయి పై అంచు నుంచి, ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. పైకి ఉన్న వైపు బాణం గుర్తు వేయండి. మా పిల్లల పుస్తకాల్లో ఒక పద్దు ఇలా ఉంటుంది:

“కా-7. పొడవాటి మెలిక గవ్వ, విరిగింది, 4 సెం.మీ. కాతేరు. రాలిన రాళ్లలో విడిగా దొరికింది. రాయి లేత పసుపు సున్నపురాయి. ఫొటోలు రెండు.”

అదే నంబరు రాయి మీద కూడా ఉండాలి. శిలాజం లేని వైపు గోరంత తెల్లరంగు పూసి, ఆరాక నల్ల సిరాతో రాయండి. చీటీ ఊడి పోవచ్చు, ఈ అంకె పోదు.

ఏది తీసుకోవాలి? రాలి పడి ఉన్న గవ్వల్లో ఒకటి రెండు, అనుమతి ఉంటేనే. ఎముక, పన్ను, గుడ్డు లాంటిది ఏది అనిపించినా ముట్టుకోకుండా ఫొటో తీసి, జీఎస్ఐ వారికో, ఆంధ్ర విశ్వవిద్యాలయం లేదా ఉస్మానియా విశ్వవిద్యాలయం భూవిజ్ఞాన శాఖకో తెలియజేయండి. రక్షిత స్థలాల నుంచి, అడవి నుంచి ఏదీ తేవద్దు. ఆకు ముద్ర ఉన్న షేల్ పలక రెండుగా చీలితే రెండు ముక్కలూ దాచాలి. ఒకదాని మీద ఆకు ఉంటే రెండోదాని మీద దాని ప్రతిబింబం ఉంటుంది. ఒకదానిలో చెరిగిపోయిన నరం రెండోదానిలో ఉండవచ్చు. రెండింటికీ ఒకే నంబరు ఇచ్చి, అ, ఆ అని గుర్తు పెట్టండి. విడివిడిగా పాత వార్తాపత్రికలో చుట్టి, ముద్రలు ఒకదానికొకటి రాసుకోకుండా డబ్బాలో పెట్టండి.

ఇంటికి తెచ్చాక కడగాలని ఆరాటపడకండి. షేల్‌లో బంకమట్టి ఉంటుంది. నీళ్లు తగిలితే ఉబ్బి, ఆరేటప్పుడు పొరలు లేచిపోతాయి, వాటితో పాటే ఆకూ పోతుంది. మెత్తని పొడి బ్రష్షు చాలు. గట్టి సున్నపురాయిలోని గవ్వను నీళ్లతో, మెత్తని టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయవచ్చు. నిమ్మరసం, వెనిగర్ మాత్రం వద్దు. ఆమ్లం రాతిలోని సున్నంతో పాటు గవ్వనూ తినేస్తుంది. మెరుపు కోసం వార్నిష్ పూస్తారు కొందరు. దాని కింద నరాలు, గాట్లు అన్నీ కప్పబడిపోతాయి. నాకైతే వార్నిష్ పూసిన ఆకును చూస్తే బాధ కలుగుతుంది.

శిలాజం కానివాటిని గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాలి. పిల్లలు ఎక్కువగా తెచ్చేది నేలబండల సున్నపురాతి మీద నల్లని ఫెర్న్ మొక్క బొమ్మ. అది మొక్క కాదు. పగుళ్లలోకి దిగిన నీటిలోని మాంగనీసు, ఇనుము కొమ్మలు కొమ్మలుగా పేరుకున్న మరక. దాన్ని డెండ్రైట్ అంటారు. కాండం, ఆకు అనే తేడా లేకపోవడం, పగులు అంచు నుంచే పుట్టుకొని రావడం, ఈనెలు లేకపోవడం చూస్తే తెలిసిపోతుంది. రెండోది, పాత కట్టడాల సున్నంలో కనబడే గుల్లలు. కాల్చి సున్నం చేయడానికి తెచ్చిన కొత్త గుల్లలవి. తేలికగా ఉంటాయి, గూడు ఖాళీగా ఉంటుంది. శిలాజ గవ్వ లోపల సాధారణంగా రాయే నిండి ఉంటుంది. కొన్నిసార్లు గవ్వ కరిగిపోయి లోపల నిండిన రాయి మాత్రమే మిగులుతుంది.

తిరగేసి చూస్తే, శిలాజమని తెలియకుండా మన ఇళ్లలో పెట్టుకున్నదీ ఒకటుంది. పూజలో ఉండే సాలగ్రామాలు నేపాల్‌లోని కాళీ గండకీ నదివి. వాటిలో చక్రం కనబడేవి జురాసిక్ సముద్రాల్లో బతికిన అమ్మోనైట్లు అనే, చుట్ట గుల్ల ఉన్న జీవులు. చక్రం మీద అడ్డంగా ఉన్న గాట్లు ఆ జీవి గుల్ల మీది పక్కటెముకల లాంటి మడతలు. మీ ఇంట్లో ఉంటే, పెద్దలను అడిగి, భూతద్దంతో చూడండి. అమ్మోనైట్లు మన దగ్గరా ఉన్నాయి. పాత పశ్చిమ గోదావరి జిల్లా మెట్టలోని రాఘవాపురం షేల్‌లో అవి నేలమొక్కల ఆకులతో పాటు దొరికాయి. నది మోసుకొచ్చిన ఆకులు, సముద్ర జీవులు ఒకే బురదలో చేరాయన్నమాట. అలాంటి చోట ఆకు కనబడగానే సంబరపడి వెళ్లిపోకుండా అదే పలకలో గవ్వ కోసం కూడా చూడండి.

సూక్ష్మజీవుల గుల్లలు చూడాలనుకుంటే సుత్తితో పనే లేదు. మెత్తని బంకమట్టి గుప్పెడు తెచ్చి, బాగా ఎండబెట్టి, తరువాత రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. ఎండిన మట్టి నీళ్లలో సులువుగా విడిపోతుంది. పలుచని, దగ్గర నేత బట్టలో వేసి, పారే నీళ్ల కింద బురద పోయేదాకా మెల్లగా కడగండి. మిగిలిన ఇసుకను ఆరబెట్టి, నల్ల కాగితం మీద చల్లి బడి సూక్ష్మదర్శినిలో చూడండి. అన్ని మట్టిలోనూ దొరకవు. వేరే పొర మట్టితో కలవకుండా బట్టను ప్రతిసారీ మార్చాలి, లేదా వేడినీళ్లలో ఉడికించాలి.

పేరు తెలియనివి ఎక్కువే ఉంటాయి. ఊహించి పేరు పెట్టకండి. “మెలిక గవ్వ” అని రాసి వదిలితే, తెలిసినవాళ్లు తరువాత సరిదిద్దుతారు. నిపుణులకు పంపేటప్పుడు స్కేలు పెట్టిన ఫొటోలు మూడు వైపుల నుంచి, రాయి రంగు, పొర వివరం, దొరికిన చోటు అన్నీ కలిపి పంపండి. వాళ్లకు మాత్రమే ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి. అందరూ చూసే చోట పెట్టేటప్పుడు జిల్లా పేరుతో సరిపెట్టండి. శిలాజాలను అమ్ముకునేవాళ్లు ఆ అంకెలు పట్టుకునే వస్తారు.