దసరా సెలవుల్లో ఆర్చ్ లైనక్స్ పెట్టబోయేవారికి

మా తిరుపతి ఇంజనీరింగ్ విద్యార్థుల్లో కొందరు ఏడాదంతా ఊరుకుని, దసరా సెలవులు రాగానే ల్యాప్‌టాప్‌లో ఆర్చ్ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్ లాంటిదే, వేరేది) పెట్టడానికి కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాలూ దిగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం. 2021 నవంబరులో వీధులు ఏరులైన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. అంత వాన పడకపోయినా, గట్టిగా ఉరిమితే చాలు, కరెంటు పోతుంది.

ఆర్చ్‌ను 2002లో జడ్ వినెట్ మొదలుపెట్టారు. మీరు కోరనిది ఏదీ అందులో ఉండదు. చివరికి వైఫై కలిపే ప్రోగ్రాం కూడా మీరే చెప్పి పెట్టించుకోవాలి. బొమ్మల తెర, మౌస్ నొక్కుళ్లు లేకుండా నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయడం కష్టమని అందరూ భయపెడతారు. నిజానికి అది కష్టం కాదు, అధికారిక వికీలోని ఇన్‌స్టలేషన్ గైడ్‌ను వరుసగా చదివితే సరిపోతుంది. భయపడవలసింది వేరే ఉంది. మీరు పొరపాటున చెప్పినా ఆ యంత్రం నమ్మి చేసేస్తుంది.

అలిపిరిలో సామాను అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని మెట్లెక్కినట్టు, ముందు మీ ఫైళ్లన్నీ మరో హార్డ్‌డిస్కుకు చేర్చండి. చేర్చాక ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌ను బ్యాకప్ అనలేం. అలాగే వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాంలో, ఒకసారి మొదటి నుంచి చివరి దాకా పెట్టి చూడండి. అక్కడ ఎన్నిసార్లు పాడుచేసినా పోయేదేమీ లేదు.

విండోస్‌ను కూడా ఉంచుకోవాలనుకుంటే దాని లోపలే మూడు పనులు ముగించుకోవాలి. మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్కులోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి యజమానికి తెలియకుండానే ఆ తాళం పడి ఉంటుంది. ఆర్చ్‌ను ఎక్కించే పెన్‌డ్రైవ్ మొదలు కావాలంటే, గుర్తింపు లేని సిస్టమ్‌లను మొదలుకానివ్వని సెక్యూర్ బూట్ అనే కాపలాను ఆపాలి. అది ఆపగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. దాన్ని ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతికి కాగితం మీద రాసుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే. రెండోది, విండోస్‌ను పూర్తిగా ఆర్పకుండా సగం నిద్రలో ఉంచే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపడం. మూడోది, విండోస్ ఆక్రమించిన భాగాన్ని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించి, ఆర్చ్‌కు ఖాళీ జాగా తీయడం.

ఇప్పుడు నా సొంత గొడవ చెబుతాను. గైడ్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను (కంప్యూటర్ మొదలవడానికి కావలసిన బూట్ ఫైళ్లుండే డిస్కు భాగాన్ని) ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేయమని ఉంటుంది. అది కొత్తగా చేసిన పార్టిషన్‌కేనని అదే పేజీలో హెచ్చరిక కూడా ఉంటుంది. నేను ఆ ముక్క చదవలేదు. మా అన్నయ్య ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత ఈఎఫ్‌ఐ మీదే ఆదేశం కొట్టాను. ఫ్యాట్ ఫార్మాట్ చేసే ఆదేశం ‘ఖాయమేనా’ అని అడగదు. ఒక్క క్షణంలో విండోస్ బూట్ ఫైళ్లు మాయం. అన్నయ్య సొంత ఫైళ్లు పోలేదు గానీ, విండోస్ పెన్‌డ్రైవ్ తయారుచేసి బీసీడీబూట్ అనే విండోస్ ఆదేశంతో ఆ బూట్ ఫైళ్లను తిరిగి రాయించేదాకా అన్నయ్య నాతో మాట్లాడలేదు. అందుకే డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశాన్ని ప్రతి ఫార్మాట్‌కు ముందూ కొట్టండి, పేరుతో కాక సైజుతో గుర్తుపట్టండి. విండోస్ చేసిన ఈఎఫ్‌ఐ తరచూ 100 ఎంబీయే ఉంటుంది. దాన్ని బూట్ ఫోల్డరుగా మౌంట్ చేస్తే (అంటే తగిలిస్తే) ఆర్చ్ కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాం, పట్టక నిండిపోతుంది.

2021 నుంచి పెన్‌డ్రైవ్‌లోనే వస్తున్న ఆర్చ్‌ఇన్‌స్టాల్ ప్రోగ్రాంతో పని తేలికే. కానీ అందులో ‘డిఫాల్ట్ లేఅవుట్’ ఎంచుకుంటే ఎంచిన డిస్కు మొత్తం తుడిచిపెడుతుంది. విండోస్ ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కరెంటు విషయం. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా వాన రోజున మొదలుపెట్టవద్దు. ఇంటి ఇంటర్నెట్ కూడా కరెంటుతోపాటే పోతుంది కనుక, ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి డేటా ఇచ్చే ఏర్పాటు చూసుకోండి. రీబూట్ చేయకముందే ఇంటర్నెట్ కలిపే నెట్‌వర్క్‌మేనేజర్ ప్రోగ్రాం పెట్టి, అది తనంతట తానే మొదలయ్యేలా ఎనేబుల్ చేశారో లేదో చూడండి. అది మరిచిపోతే కొత్త సిస్టమ్ చక్కగా తెరుచుకుంటుంది, ఇంటర్నెట్ మాత్రం ఉండదు.

తరువాతివి చిన్న చికాకులు. తెలుగు వార్తలు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి, తెలుగు అక్షరాలున్న నోటో ఫాంట్స్ పెడితే పోతాయి. విండోస్‌లోకి వెళ్లగానే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తే కంగారు పడకండి, రెండు సిస్టమ్‌లు సమయాన్ని వేర్వేరుగా లెక్కించడమే కారణం.

అప్‌డేట్లను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆర్చ్‌కు ‘వెర్షన్’ అంటూ ఉండదు, ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటుంది. ఒక్క ప్యాకేజీ (ప్రోగ్రాం మూట) కోసం ప్యాకేజీల జాబితా మాత్రమే తాజాపరిచి, మిగతా సిస్టమ్‌ను పాతగా వదిలేయకూడదు. చేస్తే మొత్తం అప్‌డేట్ చేయాలి. చేసేముందు ఆర్చ్ హోం పేజీలోని వార్తలు చదవాలి. 2025 జూన్‌లో, వైఫై చిప్ లాంటి పరికరాలను నడిపే లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని చేత్తో తీసేసి మళ్లీ పెట్టాలని అక్కడ ప్రకటించారు. ఆర్చ్ వాడకందారులు నడిపే ప్యాకేజీల భాండాగారం ఏయూఆర్‌లో ఎవరైనా ప్యాకేజీ పెట్టవచ్చు, కాబట్టి అందులోని స్క్రిప్టు చదవకుండా పెట్టుకోవద్దు. 2025 జులైలో అక్కడ కొన్ని బ్రౌజర్ ప్యాకేజీల పేరుతో హానికర ప్రోగ్రాంలు ఎక్కించారు, వాటిని తరువాత తొలగించారు. పరీక్షలకు, ప్రాజెక్టు సమర్పణకు ముందు వారం అప్‌డేట్ చేయకపోయినా కొంప మునగదు.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి సిస్టమ్ తెరుచుకోకపోతే మళ్లీ మొదటి నుంచి పెట్టనక్కర్లేదు. అదే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, పార్టిషన్లు మౌంట్ చేసి, ఆర్చ్-క్రూట్ ఆదేశంతో పాడైన సిస్టమ్ లోపలికి వెళ్లి, అప్‌డేట్‌ను పూర్తిచేసి, కెర్నల్‌ను మళ్లీ పెడితే సాధారణంగా లేచి నిలబడుతుంది. అందుకే ఆ పెన్‌డ్రైవ్‌ను పారేయకండి. మా ఇంట్లో దాన్ని ఒకసారి కారులో పాటల కోసం చెరిపేశారు. ఇప్పుడు దానికి ఎర్రదారం కట్టి, టార్చిలైటు పక్కనే పెడుతున్నాను.