ట్యూబ్ వంచితే సొట్టపోతోందా? నాకు పనిచేసిన పద్ధతి

ట్రాలీ ఫ్రేమ్ కోసం 38 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న స్టీల్ ట్యూబ్ వంచుతుంటే పక్కలు ఉబ్బి, లోపలి వంపు సొట్టపోయేది. హైడ్రాలిక్ బెండర్‌కి బలం తక్కువేం కాదు. చిక్కంతా డైతోనే, అంటే ట్యూబ్ కూర్చుని వంగే గాడి ఉన్న అచ్చుతోనే. దాని మీద ఒకటిన్నర అంగుళం అని ఉంటుంది కానీ అది పైపు లెక్క. ఆ సైజు పైపు బయటి వ్యాసం నిజానికి 48.3 మి.మీ. ట్యూబ్‌ని మాత్రం బయటి కొలతతోనే చెబుతారు, అంటే 38.1. పక్కల అంత ఖాళీ ఉంటే ట్యూబ్ చదునవ్వక ఏం చేస్తుంది?

ట్యూబ్ కొలతకి సరిగ్గా కూర్చునే డై పెట్టాక సగం టెన్షన్ పోయింది. మిగతా సగం ఇసుక చూసుకుంది. బాగా ఎండిన సన్న ఇసుక జల్లించి, ఒక చివర బిగించి, సుత్తితో తడుతూ నింపాలి. మొదట గణగణమనే ట్యూబ్ ఇసుక దిగేకొద్దీ మొద్దుగా పలుకుతుంది. అప్పుడు రెండో చివర కూడా గట్టిగా బిగించాలి. ఇదంతా చల్లగా వంచడానికే. ఇసుకలో కాస్త తేమున్నా, రెండు చివరలూ మూసిన ట్యూబ్‌ని వేడిచేస్తే ఆవిరి పుట్టి పేలుతుంది.

ట్యూబ్ పొడవునా ఉండే వెల్డింగ్ అతుకు వంపుకి బయటా లోపలా కాకుండా పక్కకి రావాలి. బెండర్ జాక్ వదలగానే ట్యూబ్ కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి 90 డిగ్రీలు కావాలంటే ఇంకాస్త ఎక్కువే వంచాలి. ఎంత ఎక్కువో అదే ట్యూబ్ తుక్కు ముక్క మీద ముందే చూసుకోండి.