సంక్రాంతికి ఇంజన్ దించుతున్నారా? ముందు గ్లో ప్లగ్ మర చూసుకోండి

అనంతపురం చుట్టుపక్కల మోడల్ విమానాలు ఎగరేసేవాళ్లకు సంక్రాంతి సెలవులే అసలు సీజన్. వేరుశనగ కోతలైపోయి చేలు ఖాళీగా ఉంటాయి, ఎండ చురుకు తగ్గి ఉంటుంది. నెలల తరబడి అటక మీద పడున్న ఇంజన్లు అప్పుడే కిందికి దిగుతాయి. ఇంజన్ పైమూతలో, అంటే హెడ్‌లో, బిగించి ఇంధనాన్ని అంటించే చిన్న ప్లగ్‌నే గ్లో ప్లగ్ అంటారు. హెడ్‌లో అది కూర్చునే మరలు ఎక్కువగా పోయేది కూడా ఆ వారంలోనే.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఇంధనంలోని ఆముదం ఎండిపోయి ప్లగ్ చుట్టూ బంకలా గట్టిపడుతుంది. హెడ్ అల్యూమినియం, ప్లగ్ ఉక్కు. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద పానా వేసి గట్టిగా తిప్పితే ఓడిపోయేది అల్యూమినియమే. అందుకే విప్పేముందు హెడ్‌ను వేడి చేయండి. హెయిర్ డ్రయ్యర్ చాలు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి ప్లగ్ పట్టు దానంతటదే సడలుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఇంధనం డబ్బా దూరంగా పెట్టాకే ఈ పని. స్టవ్ మంట, బ్లో టార్చ్ వద్దే వద్దు.

బిగించేటప్పుడు మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే వెళ్లాలి. వెళ్లలేదంటే మర తప్పి ఎక్కుతోందని అర్థం, పానా జోలికి పోకుండా వెనక్కి తీయండి. రాగి వాషర్ మరిచిపోతే ప్లగ్ లోపలికి ఎక్కువ దిగుతుంది, చిన్న ఇంజన్లలో పిస్టన్‌కు తగిలే ప్రమాదం కూడా ఉంది. పొడవు ప్లగ్, పొట్టి ప్లగ్ తేడా కూడా అంతే ముఖ్యం. పానా పిడి పొట్టిగా ఉంటే మంచిది, పొడుగు పిడి చేతిలో ఉంటే ఎంత బలం పెడుతున్నామో తెలియదు.

మర అనుమానంగా ఉంటే చిన్న పరీక్ష ఉంది. బ్యాటరీ క్లిప్ తీసేసి, ఇంధనం గొట్టం విడదీసి, ప్లగ్ మొదట్లో చుట్టూ ఒక చుక్క నూనె వేయండి. ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా కంప్రెషన్ మీదికి తిప్పండి. నూనెలోంచి సన్నటి బుడగలు వరసగా పైకొస్తే గాలి మరలోంచో వాషర్ కిందినుంచో కారుతోందన్నమాట. వాషర్ మార్చి చూడండి. అయినా బుడగలు వస్తున్నా, ప్లగ్ బిగుసుకోకుండా తిరుగుతూనే ఉన్నా, బయటికి తీసినప్పుడు దాని మరల్లో వెండి తీగలాంటి అల్యూమినియం చుట్టుకొని కనిపించినా ఇక ఆ ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. వదులు ప్లగ్ తుపాకీ గుండులా పైకి లేస్తుంది.

ఇక్కడే జుగాడ్ బుర్ర పనిచేయడం మొదలుపెడుతుంది. టెఫ్లాన్ టేపు చుడదాం, ఎం-సీల్ పూద్దాం అని. రెండూ వద్దు. టేపు ముక్కలు లోపలికి రాలతాయి. ఎం-సీల్ లాంటివి ఆ వేడికీ, మిథనాల్‌కూ నిలవవు.

అంతకంటే పెద్ద ప్రమాదం లేత్ షాపులో ఉంటుంది. మన ఊళ్లో లేత్ షాపులు బోరు పంపులు, ట్రాక్టర్ల పనిలో చెయ్యి తిరిగినవి, నైపుణ్యానికి లోటు లేదు. కానీ గ్లో ప్లగ్ మర 1/4-32, అంటే పావు ఇంచు వ్యాసం, ఇంచుకు 32 మరలు. 'పావు ఇంచు ట్యాప్ ఉంది సార్, అర నిమిషం పని' అని షాపాయన డ్రాయర్‌లోంచి తీసే ఆ మర కోసే పనిముట్టు మామూలుగా ఇంచుకు 20 మరల విట్‌వర్త్ రకం, లేదంటే 28 మరల యూఎన్ఎఫ్ రకం. వ్యాసం ఒకటే కాబట్టి రంధ్రంలోకి ఎక్కుతుంది. ఎక్కి, మిగిలిన కాస్త మరనూ కోసేస్తుంది. 6 మి.మీ. ట్యాప్ సంగతీ అంతే. బైకులకు వాడే హెలికాయిల్ (పోయిన మర స్థానంలో వేసే తీగ చుట్ట) కిట్లలోనూ ఈ పిచ్, అంటే మరల మధ్య దూరం, మామూలుగా ఉండదు. కాబట్టి 1/4-32 ట్యాప్ ముందే ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, దాంతోపాటు కొత్త ప్లగ్ ఒకటి జేబులో పెట్టుకుని షాపుకు వెళ్లండి. రిమోట్‌తో నడిపే ఆర్‌సీ కార్ల ఇంజన్లలో కొన్నిటికి టర్బో ప్లగ్ ఉంటుంది. దాని మర వేరు, 8 మి.మీ. 0.75 పిచ్, పైగా అది వాషర్ లేకుండా ఏటవాలు అంచు మీద కూర్చుంటుంది. మీది ఏదో ముందు తేల్చుకోండి.

పై ఒకటి రెండు మరలే నలిగి ఉంటే రిపేరు అవసరం లేదు, శుభ్రం చేస్తే చాలు. హెడ్ విప్పి, లోపలి వైపు మర బాగుంటే ట్యాప్‌ను అటునుంచే వేళ్లతో దించండి. ట్యాప్ దొరక్కపోతే పాత ప్లగ్ మరల మీద సన్నటి ఆకురాయితో నిలువుగా రెండు మూడు గాళ్లు కోసి దాన్నే వాడొచ్చు. అది నలిగిన మరను సరిచేస్తుందే తప్ప పోయిన మరను పుట్టించదు.

పూర్తిగా పోతే నా ఓటు కొత్త హెడ్‌కే. మీ ఇంజన్ మోడల్‌కు హెడ్ దొరుకుతుంటే ఇంకో ఆలోచన వద్దు. దొరకని పాత ఇంజన్లకు మాత్రమే బుష్, అంటే రంధ్రాన్ని పెద్దది చేసి అందులో బిగించే గొట్టంలాంటి తొడుగు. ఇత్తడి కడ్డీ నుంచి బుష్ తిప్పించి, లోపల 1/4-32, బయట పెద్ద మర కొట్టించాలి. బయటికి 8 మి.మీ. మర సరిపోతుందనిపిస్తుంది. కానీ ప్లగ్ వ్యాసమే 6.35 మి.మీ., బయటి మర లోతు కూడా పోతే గోడ కాగితమంత మిగులుతుంది. 40 సైజు (0.40 ఘనపు ఇంచులు, దాదాపు 6.5 సీసీ), అంతకంటే పెద్ద ఇంజన్లలో చోటుంటే 10 మి.మీ., 1.0 పిచ్ మేలు. కొన్ని బైకుల స్పార్క్ ప్లగ్ మర కూడా అదే కాబట్టి బైకు ఇంజన్ పని చేసే షాపుల్లో ఆ ట్యాప్ దొరికే అవకాశం ఎక్కువ. దానికి రంధ్రం 9 మి.మీ. చాలా చిన్న ఇంజన్లలో అంత లోహం ఉండదు, వాటిని బుష్ కోసం తొలచకండి.

హ్యాండ్ డ్రిల్లుతో ఈ పని ఒప్పుకోవద్దు. పాత రంధ్రంలో డ్రిల్లు కొరుక్కుని ఒక పక్కకు లాగేస్తుంది. హెడ్‌ను లేత్‌లో పట్టి, పాత రంధ్రం కేంద్రానికి సరిచూసి బోర్ చేయించండి. కొన్ని హెడ్లలో ప్లగ్ ఏటవాలుగా ఉంటుంది, ఆ కోణం తప్పకూడదు. అల్యూమినియానికి కిరోసిన్ పోస్తూ, ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ వెళ్లాలి. బుష్ పైన చిన్న అంచు ఉంచమనండి, వాషర్ దాని మీద కూర్చుంటుంది. అంచు మందమంత హెడ్ పైభాగాన్ని తొలిపించాలి. లేకపోతే ప్లగ్ ఆ మేరకు పైకి లేస్తుంది, కంప్రెషన్ తగ్గుతుంది. బుష్ కింది అంచు మాత్రం దహన గదిలోకి పొడుచుకు రాకూడదు. వస్తే అది ఎర్రగా కాలి ఇంధనాన్ని వేళకు ముందే అంటిస్తుంది. బుష్ మరకు వేడి తట్టుకునే రిటైనింగ్ జిగురు, లాక్‌టైట్ 620 లాంటిది, పలచగా రాసి ఎక్కించి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వండి.

హెడ్ విప్పడానికి వీల్లేని ఇంజన్ అయితే పిస్టన్‌ను పైకి తెచ్చి, ట్యాప్ గాళ్ల నిండా గ్రీజు పట్టించి, రెండేసి చుట్లకోసారి బయటికి తీసి తుడవాలి. ఒక్క రజను ముక్క లైనర్‌లో, అంటే పిస్టన్ తిరిగే గొట్టంలో, పడినా గీత పడుతుంది, గీత పడితే కంప్రెషన్ పోయినట్టే.

మొదటి స్టార్ట్ స్టాండ్ మీదే. హెడ్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, ప్రొపెల్లర్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి ఏదీ తగలడం లేదని చూసుకోండి. కళ్లద్దాలు పెట్టుకుని ఇంజన్ వెనక నిలబడండి, మొహం హెడ్ పైకి వంచొద్దు, ప్రొపెల్లర్ తిరిగే వరసలో పిల్లల్ని నిలబెట్టొద్దు. మిథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. అది నీళ్లలో కలిసిపోయే ద్రవం కాబట్టి పక్కన బకెట్ నీళ్లుంటే ఆర్పొచ్చు. మిథనాల్ విషం కూడా, దాన్ని నీళ్ల బాటిల్లో పోసి మాత్రం పెట్టకండి.

కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని సర్దే సూది ఎక్కువ తెరిచి, ఇంధనం దండిగా పోయేలా రెండు నిమిషాలు నడిపి ఆపండి. పూర్తిగా చల్లారాక నూనె చుక్క పరీక్ష మళ్లీ చేయండి. బుడగలు వాషర్ దగ్గర వస్తే వాషర్ మార్చండి. బుష్ బయటి అంచు దగ్గర వస్తే ఆ హెడ్‌ను మరింత బిగించి లాభం లేదు, బుష్ తీసి మళ్లీ చేయించాల్సిందే.