చిన్న లీగ్ ఫుట్‌బాల్ టీమ్‌కి ఏ ఫార్మేషన్ పెట్టాలి?

కింది డివిజన్‌లో ఆడే టీమ్‌కి కొత్తగా కోచ్ అయినవాళ్లు చాలామంది మొదట చేసే పని ఒకటుంది: టీవీలో చూసిన పెద్ద క్లబ్ ఫార్మేషన్‌ని, అంటే ఆటగాళ్లు గ్రౌండ్‌లో నిలబడే అమరికని, కాగితం మీద గీసి, అందులో తమ ఆటగాళ్ల పేర్లు ఇరికించడం. దాన్ని తిరగేసి చేయండి. ముందు పేర్లు, తర్వాతే గీతలు. పెద్ద క్లబ్‌కి వింగర్ (గ్రౌండ్ అంచు వెంట దాడి చేసేవాడు) తక్కువైతే కొనుక్కుంటుంది. మీరు మాత్రం ఉన్నవాళ్లతోనే ఆడాలి, అందులోనూ ఉద్యోగం, పరీక్షలు, మడమ నొప్పి అన్నీ దాటుకుని ఆ వారం గ్రౌండ్‌కి వచ్చినవాళ్లతోనే.

ప్రతి ఆటగాడి పేరు పక్కన అతను ఆడగలిగే స్థానాలు రాయండి. తను ఆడగలనని చెప్పుకునేవి కాదు, మీరు మ్యాచ్‌లో చూసినవి. తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. నమ్మదగ్గ సెంటర్‌బ్యాక్‌లు, అంటే గోల్ ముందు మధ్యలో ఆడే డిఫెండర్లు, ఎంతమంది? టచ్‌లైన్ వెంట చివరిదాకా పైకీ కిందకీ పరిగెత్తే ఊపిరి ఎవరికి ఉంది? వెనక డిఫెండర్ తోస్తున్నా బంతిని ఆపుకుని, మిగతావాళ్లు వచ్చేదాకా నిలబడగల స్ట్రైకర్ ఉన్నాడా? ముప్పాతిక నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

ఉదాహరణకి 3-5-2 తీసుకోండి, అంటే వెనక నుంచి ముందుకి ముగ్గురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు. ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు ఉన్నారు కాబట్టి ఇదే మనకి సరి అనుకుంటారు, కానీ ఆ ఫార్మేషన్ బతికేదీ చచ్చేదీ వింగ్‌బ్యాక్‌ల మీద, అంటే రెండు అంచుల వెంట దాడీ డిఫెన్సూ రెండూ చేసేవాళ్ల మీద. ఆ ఇద్దరూ అరవయ్యో నిమిషానికి అలిసిపోతే అది 5-3-2 అయిపోతుంది, రెండు వైపులా ఖాళీ ప్రత్యర్థి సొంతం, మీరు పెనాల్టీ బాక్స్ ముందు ఇరుక్కుపోతారు. క్రిస్ వైల్డర్ కోచ్‌గా షెఫీల్డ్ యునైటెడ్‌లో సెంటర్‌బ్యాక్‌లని కూడా వింగ్ మీదుగా ముందుకి పంపి, 2016-17లో ఇంగ్లండ్ మూడో అంచె అయిన లీగ్ వన్‌ని 100 పాయింట్లతో గెలిచిన మాట నిజమే. కానీ వాళ్లు ప్రొఫెషనల్స్, పొద్దున లేస్తే వాళ్ల పని అదే. వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీస్ చేసే టీమ్‌కి ఆ కదలికలు, అంటే ఒకడు ముందుకి పోతే ఎవరు వెనక్కి రావాలి అన్న లెక్క, తలకెక్కడానికి సీజన్ సగం పోతుంది.

4-3-3లో స్ట్రైకర్ ఒక్కడే. వాడు బంతి ఆపలేకపోతే మీరు క్లియర్ చేసిన ప్రతి బంతీ పది సెకన్లలో మళ్లీ మీ నెత్తినే పడుతుంది. 4-2-3-1లో ఆ 'నంబర్ టెన్' అనేవాడు, అంటే స్ట్రైకర్ వెనకే ఉండి అవకాశాలు సృష్టించేవాడు, ఎగుడుదిగుడు గ్రౌండ్ మీద సగం మ్యాచ్ తన తల మీదుగా పోయే బంతుల్ని చూస్తూ గడుపుతాడు, పాపం. అసలైన పదో నంబర్ మీ దగ్గర ఉంటే తప్ప దాని జోలికి పోకండి.

నన్నడిగితే మొదట 4-4-2 పెట్టి చూడండి అంటాను. పాతబడిందని నవ్వేవాళ్లు నవ్వనీ. ప్రతివాడికీ పక్కన ఒక జోడీ ఉంటుంది, ఎవరి ముందు ఎవరు, ఎవరి వెనక ఎవరు అన్నది అందరికీ తెలుసు, ఆఖరి నిమిషంలో ఒకరు రాకపోయినా బెంచ్ మీదవాడు పెద్దగా చెప్పకుండానే కలిసిపోతాడు. రనియేరి కోచ్‌గా లెస్టర్ సిటీ 2015-16లో ఇంగ్లండ్ మొదటి అంచె అయిన ప్రీమియర్ లీగ్ గెలిచింది దీంతోనే. బంతి తమ దగ్గర ఉంచుకోవడంలో ఆ లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్లలో వాళ్లొకరు. రెండు వరుసలు దగ్గరగా నిలబడటం, పోగొట్టిన బంతిని మిడ్‌ఫీల్డర్ కాంటే మధ్యలో తిరిగి లాక్కోవడం, అవతలి డిఫెన్స్ వెనక ఖాళీలోకి స్ట్రైకర్ వార్డీ పరుగు, స్థూలంగా వాళ్ల ఆట ఇదే.

దీని లోపం మధ్యలో ఉంటుంది. అవతల ముగ్గురు మిడ్‌ఫీల్డర్లుంటే మీ ఇద్దరూ గుండ్రంగా పరిగెత్తి అలిసిపోతారు. విరుగుడు కూడా లెస్టర్‌లోనే ఉంది: రెండో స్ట్రైకర్ ఒకాజాకి బంతి పోగానే కిందకి దిగి మధ్యలో ఒక చెయ్యి వేసేవాడు. కాబట్టి మీ ఇద్దరు స్ట్రైకర్లలో ఒకడు ఒళ్లు దాచుకోనివాడై ఉండాలి. ఇద్దరూ గోల్స్ కోసమే ఎదురుచూసే రకమైతే 4-4-2 మానేసి 4-5-1 ఆడటం మేలు.

గ్రౌండ్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి, చాలామంది ఇది మర్చిపోతారు. నిబంధనల ప్రకారం పిచ్ వెడల్పు 45 నుంచి 90 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు, పొడవు 90 నుంచి 120. అంటే ఈ వారం వింగర్లతో బాగా ఆడిన టీమే వచ్చేవారం ఇరుకు గ్రౌండ్‌లో ఊపిరాడక కొట్టుకోవచ్చు. ఇరుకుగా, బురదగా ఉన్నచోట కార్నర్లు, ఫ్రీకిక్‌లు, పొడవు త్రోలే మ్యాచ్‌ని తేలుస్తాయి, అందుకే హెడర్ కొట్టగలవాళ్లు కనీసం నలుగురైనా ఉండేలా టీమ్ ఎంచుకోండి. యూరప్ దేశాల టోర్నీ అయిన 2004 యూరోలో గ్రీస్ క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ మూడూ 1-0తోనే గెలిచింది, మూడూ హెడర్లే, వాటిలో సెమీస్, ఫైనల్ గోల్స్ కార్నర్ నుంచి వచ్చినవి.

సెంటర్‌బ్యాక్‌లు నెమ్మదైతే వెనక వరుసని కిందకి జరపండి, కానీ వాళ్లని మాత్రమే జరిపితే లాభం లేదు, మిడ్‌ఫీల్డ్ కూడా వెంట రావాలి. వరుసకీ వరుసకీ మధ్య పది పదిహేను మీటర్లు దాటిందంటే ఏ ఫార్మేషన్ అయినా ఒకటే, మధ్యలో ప్రత్యర్థి తీరిగ్గా తిరుగుతుంటాడు. గోల్‌కీపర్ లైన్ వదిలి బయటికి రావడానికి భయపడే రకమైతే హై లైన్, అంటే వెనక వరుసని బాగా ముందుకి జరిపి ఆడటం, ఆలోచనే వద్దు.

మీ బెస్ట్ ప్లేయర్ స్థానం ముందు ఖాయం చేసి, మిగతావి చుట్టూ కట్టుకురండి. ఖాళీ ఉంది కదా అని మంచి సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌ని లెఫ్ట్ వింగ్‌లోకి తోస్తే, ఒక చిల్లు పూడ్చి పెద్ద చిల్లు పెట్టుకున్నట్టే.

ఓడిన ప్రతిసారీ ఫార్మేషన్ మార్చకండి. తిన్న ప్రతి గోల్ ఎక్కడ మొదలైందో రాసుకోండి: వింగ్ నుంచా, మధ్యలోంచా, తల మీదుగా వచ్చిన లాంగ్ బాల్‌కా, కార్నర్‌కా, ఒకడి తప్పుకా. నాలుగైదు మ్యాచ్‌లు పోయాక చూస్తే బొమ్మ తెలుస్తుంది. కార్నర్లకే గోల్స్ పోతుంటే 4-4-2ని తిట్టి ఉపయోగం లేదు, మార్కింగ్ నేర్పించాలి. అదే వింగ్ నుంచి పదేపదే పోతుంటే అప్పుడు ఆలోచించండి.

ప్లాన్ బి ఒకటి చాలు, అదీ ఒకరిద్దరిని జరిపితే వచ్చేదై ఉండాలి. ఆధిక్యంలో ఉంటే ఒక స్ట్రైకర్‌ని మిడ్‌ఫీల్డ్‌లోకి జరిపి 4-5-1. వెనకబడితే ఒక సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌ని తీసి మూడో ఫార్వర్డ్‌ని దింపండి, వెనక నలుగుర్నీ కదపొద్దు. మొదటి పది నిమిషాలు బెంచ్ మీద ఒకరికి లెక్క అప్పగించండి: అవతల స్ట్రైకర్లు ఎంతమంది, వాళ్ల కీపర్ బంతిని ఎటు కొడుతున్నాడు, మధ్యలో ఎవరు ఖాళీగా దొరుకుతున్నారు. హాఫ్‌టైమ్‌లో మీ ఆవేశం కంటే ఆ లెక్కే పనికొస్తుంది. రెడ్ కార్డ్ సంగతి కూడా ముందే తేల్చుకోండి: పదిమందే మిగిలితే 4-4-1, ఏ స్ట్రైకర్ బయటికొస్తాడో మ్యాచ్ ముందే వాడికి చెప్పేయండి, లేకపోతే టచ్‌లైన్ దగ్గర ఆ వాదనలోనే మూడు నిమిషాలు పోతాయి.