లాడ్జి గదిలో ఇద్దరు అపరిచితులు: కర్నూలులో పదిహేను నిమిషాల సినిమా తీసే పద్ధతి

నగరంలో ఒంటరితనం, కోరిక, పేరు కూడా తెలియని మనిషితో గడిచే ఒక రాత్రి. ప్రపంచ సినిమా ఈ కథను చాలాసార్లు చెప్పింది. దాన్ని ఉన్నదున్నట్టు కర్నూలుకు తెచ్చిపెడితే మాత్రం మొదటి నిమిషంలోనే అబద్ధమని తెలిసిపోతుంది. పారిస్‌లోనో హాంకాంగ్‌లోనో మనిషి వీధిలోకి దిగితే చాలు, ఎవరికీ తెలియనివాడు అయిపోతాడు. ఇక్కడ రాజ్‌విహార్ సెంటర్లో టీ తాగుతూ నిలబడితే ఎవరో ఒకరు వచ్చి "నువ్వు ఫలానావాళ్ల పిల్లోనివి గదూ" అంటారు. కాబట్టి స్క్రిప్టుకు ముందే ఒకటి తేల్చుకోండి: ఈ ఊళ్లో మనిషి ఎవరికీ ఏమీ కాకుండా ఉండగలిగే చోటు ఏది, అక్కడ ఎన్ని గంటలు ఉండగలడు?

అలాంటి చోట్లు ఉన్నాయి. పెద్దాసుపత్రి చుట్టుపక్కల లాడ్జీల్లో గద్వాల నుంచి, రాయచూరు వైపు నుంచి, నంద్యాల పల్లెల నుంచి రోగులతో వచ్చినవాళ్లు దిగుతారు. వాళ్లకు ఊళ్లో ఎవరూ తెలియదు, రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్నే వార్డు దగ్గర ఉండాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్, బెంగళూరు బస్సుల కోసం అర్ధరాత్రి దాటాక ఎదురుచూసేవాళ్లు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు, పోటీ పరీక్ష రాయడానికి ముందురోజు సాయంత్రమే దిగినవాళ్లు కూడా ఉంటారు. వీళ్లందరికీ గడువు ఉంది: ఎనిమిదింటికి ఆపరేషన్, నాలుగున్నరకు బస్సు. కథకు కావలసిన బిగువు ఆ గడువులోనే ఉంటుంది. అది లేకపోతే ఇద్దరు మనుషులు గదిలో ఊరికే దిగులుగా కూర్చున్నట్టే ఉంటుంది.

స్క్రిప్టు

పదిహేను నిమిషాల సినిమాకు ఎనిమిది, తొమ్మిది పేజీలు చాలు. మౌనాలు ఎక్కువ కాబట్టి పేజీకి నిమిషం అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

"పేరు వద్దు, ఊరు వద్దు" అని పాత్రల చేత అనిపించే ముందు లాడ్జి కౌంటర్‌ను గుర్తుపెట్టుకోండి. అక్కడ రిజిస్టరులో పేరు, ఊరు, ఫోన్ నంబరు, వచ్చిన పని రాయాలి, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. ఆ మెట్టు దాటించకుండా గది తాళం ఇప్పిస్తే చూసేవాళ్లు నమ్మరు. దాన్నే వాడుకోండి. ఆమె రిజిస్టరులో సంతకం చేస్తూ పై వరుసలో అప్పుడే ఎవరో రాసిన పేరు చూస్తుంది, సిరా ఇంకా ఆరలేదు. ఆ తర్వాత సినిమా మొత్తంలో అతని పేరు ఎవరూ పలకరు. ఆమెకు తెలుసని మనకు తెలుసు, అతనికి తెలియదు. పెళ్లి కాని ఇద్దరు పెద్దవాళ్లు గది తీసుకోవడం నేరం కాకపోయినా చాలా లాడ్జీలు ఇవ్వవు. అందుకే రెండు వేర్వేరు గదులు, మధ్యలో ఒక వరండా అని రాసుకుంటే సహజంగా ఉంటుంది.

మాటల్లో మొదట తేల్చాల్సింది వరస. మన దగ్గర కొత్త మనిషిని పలకరించాలంటే అన్నా, అక్కా, మేడం, సార్ ఏదో ఒకటి నోటికి వచ్చేస్తుంది. "అక్కా, నీళ్లు వస్తాండాయా?" అన్న తర్వాత ఆ ఇద్దరి మధ్య కోరిక పుట్టించడం చాలా కష్టం. వరస లేకుండానే మాట కలిసే సందర్భం కల్పించండి: కరెంటు పోవడం, మోటారు ఆగిపోవడం, ఛార్జరు అడగడం. "మీరు" అని మొదలైనది "నువ్వు"కు ఎప్పుడు మారుతుందో స్క్రిప్టులో గీత గీసి పెట్టుకోండి. అది ఒక్కసారే జరగాలి. నటులు రిహార్సల్లో అలవాటుగా అటూ ఇటూ మార్చేస్తుంటారు, ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వింటూ ఉండాలి.

గది, కొలతలు

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు తీయండి. ఏప్రిల్, మే నెలల్లో పగలు నలభై డిగ్రీలు దాటుతుంది, రాత్రి కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ధ్వని కోసం ఫ్యాను ఆపితే పది నిమిషాల్లో నటుల మొహాల మీద మేకప్ కారిపోతుంది.

రోడ్డు వైపు కాకుండా వెనక వైపున్న మూల గది చూడండి. నీళ్ల మోటారు, లిఫ్టు, జనరేటర్ ఎక్కడున్నాయో పగలు కాదు, రాత్రి పదకొండింటికి వెళ్లి వినండి. పక్కపక్కన రెండు గదులు తీసుకోండి. ఒకటి చిత్రీకరణకు, ఇంకొకటి నటులు బట్టలు మార్చుకుని విశ్రాంతి తీసుకోవడానికి. యజమానికి ఏం తీస్తున్నారో దాచకుండా చెప్పి రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. దాచిపెడితే రెండో రాత్రి గది ఖాళీ చేయిస్తారు.

మామూలు లాడ్జి గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (పెద్ద సెన్సరున్నది) మీద 35 ఎం.ఎం. లెన్సు పది అడుగుల దూరంలో దాదాపు పది అడుగుల వెడల్పును పడుతుంది. 50 లెన్సు ఏడు అడుగులు, 85 లెన్సు నాలుగు అడుగుల పైచిలుకు. ఈ మూడంకెలు తెలిస్తే ఎక్కడ నిలబడాలో తడుముకోనక్కరలేదు. అందరూ చేసే పొరపాటు మొదటి నుంచే 85తో మొహాలు తీయడం. వాళ్ల మధ్య ఉన్న ఖాళీ కనబడకపోతే, అది తగ్గినప్పుడు మనకు ఏమీ అనిపించదు.

టేపు పెట్టి కొలవండి. మొదటి సన్నివేశంలో మంచం అంచుకు, ప్లాస్టిక్ కుర్చీకి మధ్య ఏడు అడుగులు. రెండోదాంట్లో నాలుగు. మూడోదాంట్లో రెండు. ప్రతి స్థానానికి నేల మీద వేరే రంగు టేపు ముక్క అంటించండి. ఏడు అడుగులున్నంతసేపూ ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండాలి, కట్ ఉండకూడదు. రెండు అడుగులకు వచ్చాకే మొహాల దగ్గరికి వెళ్లండి.

మంచానికి ఎదురుగా గోడకు బిగించిన అద్దం చాలా లాడ్జీల్లో ఉంటుంది. అందులో ఇద్దరూ కనబడతారు కానీ ఒకరినొకరు చూసుకోరు, ఈ కథకు అంతకన్నా మంచి షాట్ దొరకదు. కెమెరాను ఆరంగుళాలు అటూ ఇటూ జరుపుతూ అద్దంలో దాని ప్రతిబింబం పడకుండా తప్పించుకోండి, వెనక నల్లబట్ట కట్టండి. 50 లెన్సు, ఎఫ్ 2.8 (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) పెడితే ఏడు అడుగుల దూరంలో స్పష్టంగా ఉండేది సుమారు అడుగు మందమే. ఇద్దరిలో ఎవరు మసకగా ఉండాలో ముందే నిర్ణయించుకోండి, ఫోకస్ పట్టేవాడికి వదిలేయకండి.

వెలుగు

పైనున్న ట్యూబ్‌లైటు ఆపేయండి. బాత్రూం తలుపు జానెడు తెరిచి అందులో తెల్ల ట్యూబు వెలగనివ్వండి, మంచం పక్కన పసుప్పచ్చ బల్బు పెట్టండి. తెల్లది 6500 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే అంకె) దగ్గర, పసుపుది 2700 దగ్గర ఉంటాయి. కెమెరాలో వైట్ బ్యాలెన్సును, అంటే ఏ వెలుగును తెలుపుగా చూడాలో చెప్పే సెట్టింగును, 4300 దగ్గర బిగిస్తే రెండు రంగులూ నిలుస్తాయి. ఆటోలో వదిలితే మనిషి కదిలినప్పుడల్లా గోడ రంగు మారుతుంది, ఎడిటింగులో సరిచేయలేరు. తొమ్మిది వాట్ల బల్బు ఫ్రేములో తెల్ల ముద్దలా మండుతుంది, మూడు లేదా ఐదు వాట్లది చాలు.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/50 సెకను పెట్టండి. అయినా చవక ఎల్ఈడీలు కొన్ని వణుకుతాయి. కొనేముందే ఫోనులో స్లోమోషన్ పెట్టి చూడండి, చారలు కదిలితే ఆ బల్బు వద్దు.

ధ్వని

ఇలాంటి సినిమాలు ఎక్కువగా ధ్వని దగ్గరే పాడవుతాయి. నటులు గొంతు తగ్గించి మాట్లాడతారు, కాబట్టి గదిలో ఉన్న ప్రతి చప్పుడూ వాళ్ల మాటంత పెద్దగా పడుతుంది. ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ఉంటే ప్లగ్ తీసి, తలుపు కింద సందులో తడి తువ్వాలు దూర్చండి. ఖాళీ గోడల మీద రెండు, మూడు దుప్పట్లు వేలాడదీస్తే గింగురు తగ్గుతుంది. బూమ్ మైకు (కర్రకు బిగించి పైనుంచి పట్టేది) తల పైన అడుగున్నర, రెండు అడుగుల ఎత్తులో ఉండాలి. కాలర్ మైకు వాడితే నటులకు నూలు బట్టలే వేయండి, నైలాన్ చీర, పాలియెస్టర్ చొక్కా రాసుకున్న శబ్దాన్ని తీసేయడం కుదరదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేస్తూ రికార్డరు మీటరులో గొంతు గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూడండి.

ఫ్యాను చప్పుడు కథకు కావాలి, కానీ విడిగా. షూటింగు అయ్యాక ఫ్యాను వేసి రెండు నిమిషాలు, ఆపి ఒక నిమిషం, కిటికీ తెరిచి రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి. అలాగే దూరంగా లారీ హారన్, వరండాలో చెప్పుల చప్పుడు, బకెట్లో నీళ్లు పడే శబ్దం. మంచం కోళ్ల కింద మడిచిన గుడ్డలు పెట్టండి. సన్నిహిత సన్నివేశంలో మంచం కిర్రుమంటే హాల్లో నవ్వులు వస్తాయి, ఆ తర్వాత ప్రేక్షకులను వెనక్కి తీసుకురాలేరు.

దగ్గరితనం చిత్రీకరించడం

1972లో వచ్చిన 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్' ఒక ఖాళీ అపార్ట్‌మెంటులో పేర్లు చెప్పుకోని ఇద్దరి కథ. చిత్రీకరణ మొదలయ్యేనాటికి అందులో నటించిన మరియా ష్నైడర్ వయసు 19. బలాత్కార సన్నివేశంలోని ఒక వివరాన్ని ఆమెకు ముందుగా చెప్పకుండా దాచామని దర్శకుడు బెర్టొలూచీ 2013లో ఒప్పుకున్నాడు. తనకు అవమానం జరిగిందని ఆమె అంతకుముందే, 2007లో చెప్పింది. నటిని ఉలిక్కిపడేలా చేస్తే సహజత్వం వస్తుందనే ఆలోచన తప్పు. ఏం జరగబోతోందో అంగుళం అంగుళం తెలిసిన నటులే స్వేచ్ఛగా నటిస్తారు, ఎందుకంటే వాళ్లు భయపడాల్సిన పని ఉండదు. 2018 నుంచి విదేశాల్లో పెద్ద నిర్మాణ సంస్థలు ఈ పనికి ప్రత్యేకంగా ఇంటిమసీ కోఆర్డినేటర్లను పెట్టుకుంటున్నాయి. మీ దగ్గర అంత డబ్బు లేకపోతే నటి నమ్మే, నాటకానుభవమున్న ఒక మహిళను ఆ బాధ్యతకు పిలవండి. ఆమె నిర్మాత మనిషి కాకూడదు.

నటులిద్దరికీ పద్దెనిమిదేళ్లు నిండాయని గుర్తింపు కార్డుతో చూసుకోండి. కనీసం మూడు రోజుల ముందు ఒక కాగితం రాసి ఇవ్వండి: ఎవరి చెయ్యి ఎక్కడ తాకుతుంది, ఏ బట్ట ఎంతవరకు, ఫ్రేములో ఏది కనబడుతుంది, ఏది కనబడదు, ఆ దృశ్యం పోస్టరులో, ట్రైలరులో వాడతారా. చదువుకుని మార్పులు చెప్పి సంతకం పెడతారు. సంతకం పెట్టినా సెట్లో వద్దనే హక్కు వాళ్లకు ఉంటుంది. కాగితంలో లేనిది ఆ రాత్రి అడగకూడదు.

రిహార్సల్ పూర్తి బట్టల్లోనే, ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతూ డాన్సు స్టెప్పులు నేర్పినట్టు చేయించండి. తీసేటప్పుడు గదిలో దర్శకుడు, కెమెరా, ధ్వని, ఆ మహిళ, ఇంతే. ఫోన్లు పక్క గదిలో ఉండాలి. ఫ్రేముకు బయట ఇద్దరి శరీరాల మధ్య పల్చటి దిండు పెట్టండి. "ఆపండి" అని ఎవరన్నా వెంటనే కెమెరా ఆగాలి, కారణం అడగొద్దు. మూడు టేకులకు మించి వద్దు. కట్ చెప్పగానే దుప్పటి అందించడానికి ఆ మహిళ సిద్ధంగా ఉండాలి.

చర్మం ఎక్కువ చూపిస్తే కోరిక ఎక్కువ కనబడదు. అతను గడియారం విప్పి టేబుల్ మీద పెడతాడు. ఆమె దాన్ని వేలితో తిప్పి టైము చూస్తుంది: రెండూ పది. మళ్లీ డయల్ కిందికి తిప్పి పెడుతుంది. బస్సు నాలుగున్నరకని మనకు తెలుసు కాబట్టి ఆ గడియారం చాలు.

మన ఊళ్లలో నటికి అసలు ప్రమాదం సినిమా వల్ల కాదు, అందులోంచి ఇరవై సెకన్లు కత్తిరించి వాట్సాప్‌లో తిప్పేవాళ్ల వల్ల. ఫుటేజీ ఒకే డ్రైవ్‌లో, పాస్‌వర్డ్‌తో పెట్టండి. వాడని టేకులను ఆమె సమక్షంలో చెరిపేయండి. తుది కూర్పు బయటికి వెళ్లకముందే ఆమెకు చూపించండి. లాడ్జిలోని ఇతరులను, ఆసుపత్రి రోగులను ఎట్టి పరిస్థితిలోనూ ఫ్రేములోకి రానివ్వొద్దు.

బస్టాండు

గుంపులో ఒక్కరే నిలిచిపోయినట్టు కనబడే షాట్‌కు ఖర్చేమీ లేదు. ఆర్టీసీ అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, కెమెరాను స్టాండుకు గట్టిగా బిగించి, షట్టర్‌ను 1/6 సెకనుకు దించండి. సుమారు ప్రతి నాలుగు ఫ్రేములకూ ఒకే బొమ్మ పడి, నడిచేవాళ్లంతా గీతల్లా సాగుతారు. నటి మాత్రం కదలకూడదు, తల తిప్పినా మామూలు వేగంలో మూడో వంతుతో తిప్పాలి. వెలుగు ఎక్కువ పడుతుంది కాబట్టి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) తగ్గించండి. ఒకే ఒక్కసారి వాడండి.

కూర్పు, ప్రదర్శన

మాట అయిపోయాక షాట్‌ను ఎనిమిది, పది సెకన్లు అలాగే ఉంచి చూడండి, చాలాచోట్ల అసలు విషయం ఆ తర్వాతే జరుగుతుంది. దిగులు వయొలిన్, కవిత్వపు వాయిస్‌ఓవర్, నకిలీ వాన వద్దు. సిగరెట్ కూడా వద్దు, అది కాల్చినంతసేపూ తెర కింద ఆరోగ్య హెచ్చరిక వేయాల్సి వస్తుంది, మౌనం చెడుతుంది.

టికెట్ పెట్టినా పెట్టకపోయినా బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఈ విషయానికి 'ఎ' వస్తుందనే లెక్కతో ఉండండి. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు మినహాయింపు ఉంటుంది, ఆ అనుమతి నిర్వాహకులు తీసుకుంటారు. సబ్‌టైటిల్స్ రెండు వరుసలకు మించకూడదు, వరుసకు నలభై అక్షరాల లోపు. పంపేముందు కాలేజీ సెమినార్ హాల్లోని పాత ప్రొజెక్టర్ మీద ఒకసారి, సగం వెలుగులో ఫోను మీద ఒకసారి చూడండి. మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆమె కళ్లు కనబడకపోతే నీడలను కొంచెం పైకి లేపి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.