ఇంగ్లండ్ వుడ్స్‌లో మొదటిసారి: కొత్తగా వచ్చినవారికి కొన్ని సూచనలు

ఇంగ్లండ్ వచ్చిన మొదటి ఏడాది మనవాళ్ల వీకెండ్స్ దాదాపు ఒకేలా గడుస్తాయి. ఇండియన్ స్టోర్‌లో సరుకులు, గుడి, ఎవరింట్లోనో బర్త్‌డే, ఊరి నుంచి చుట్టాలొస్తే టవర్ బ్రిడ్జి, విండ్సర్ కోట. దగ్గర్లోనే అడవి ఉందని మ్యాప్‌లో కనిపిస్తున్నా అటు వెళ్లేవాళ్లు తక్కువ. బద్ధకమని కాదు. అది ఎవరిదో, లోపలికి వెళ్లొచ్చో లేదో, ఎవరైనా ఆపితే ఏం చెప్పాలో తెలియక వెనకాడతారు.

మన దగ్గర అడవి అంటే ఫారెస్టు డిపార్ట్‌మెంటుది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 దాటితే గేటు దించేస్తారు, పొద్దున 6 దాకా తీయరు. ఇక్కడి అడవులకు చాలా చోట్ల చెక్‌పోస్టూ ఉండదు, గార్డూ ఉండడు. పొలం అంచున ఒక చిన్న చెక్క గేటు, దాని గుంజకి పసుపు బాణం గుర్తు ఉంటాయి. ఆ బాణం ఉందంటే అది పబ్లిక్ ఫుట్‌పాత్. మీరు నడవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, వీసా ఏదైనా సరే. నీలం బాణమైతే గుర్రాలూ సైకిళ్లూ కూడా వస్తాయి, పక్కకి తప్పుకోవాలి. ఇలాంటి హక్కు దారులు ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి సుమారు 1,40,000 మైళ్లు ఉన్నాయి.

తిరకాసు ఏమిటంటే, ఆ హక్కు దారికే, అడవికి కాదు. అడవి ఒక రైతుదో, ఎస్టేటుదో అయి ఉండొచ్చు, దారి మాత్రం అందరిదీ. 2000లో వచ్చిన చట్టం కొండలు, బీడు నేలలు, రిజిస్టరైన కామన్ భూముల్లో దారి వదిలి కూడా తిరిగే హక్కు ఇచ్చింది కానీ, అడవుల్ని అందులో చేర్చలేదు. కాబట్టి ప్రైవేటు వుడ్‌లో బాణాల వెంటే నడవండి. పొరపాటున దారి తప్పితే టెన్షన్ పడకండి. ఊరికే అడుగు పెట్టడం మామూలుగా క్రిమినల్ నేరం కాదు. ఎవరైనా చెబితే సారీ చెప్పి దారిలోకి వచ్చేస్తే సరిపోతుంది. ‘ప్రైవేట్’ బోర్డు చూసి వెనక్కి తిరిగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. పక్కనే బాణం ఉందేమో చూడండి, ఉంటే ఆ బోర్డు దారికి అటూ ఇటూ ఉన్న నేల గురించి మాత్రమే.

ఈ లెక్కలన్నీ అక్కర్లేకుండా హాయిగా తిరగాలంటే ఫారెస్ట్రీ ఇంగ్లండ్, వుడ్‌లాండ్ ట్రస్ట్, నేషనల్ ట్రస్ట్ అనే సంస్థలు చూసే అడవులకు వెళ్లండి. కొన్నింటికి వేరే రూల్స్ ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న వైథమ్ వుడ్స్ యూనివర్సిటీది, దానికి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఫోన్‌లో ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే మ్యాప్ పెట్టుకుంటే దారులన్నీ ఆకుపచ్చ గీతల్లో కనిపిస్తాయి. గూగుల్ మ్యాప్ రోడ్లకి బాగుంటుంది గానీ, అడవిలో దానిమీద ఆధారపడొద్దు.

మొదటిసారి ఎక్కడికి అంటే, లండన్‌కి పడమటి వైపు ఉన్నవాళ్లకి నేను చెప్పేది బర్నమ్ బీచెస్. పేరు చూసి స్విమ్మింగ్ డ్రెస్ సర్దుకోవద్దు, ఈ బీచ్ ఒక చెట్టు. బకింగమ్‌షైర్‌లో, స్లౌకి ఉత్తరాన, ఫార్న్‌హమ్ కామన్ అనే ఊరి పక్కన ఉంటుంది. విచిత్రమేమిటంటే దీని ఓనరు సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్, అంటే లండన్ నడిబొడ్డున ఉన్న ‘సిటీ’ ప్రాంతాన్ని చూసే పాలక సంస్థ. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ చుట్టూ ఖాళీ నేలలు ఇళ్లకింద పోతుంటే, జనం ఊపిరి పీల్చుకోవడానికి కొంత నేల మిగలాలని 1880లో దీన్ని కొన్నారు.

అక్కడి పాత బీచ్ చెట్లు చూస్తే వింతగా ఉంటాయి. కింద పొట్టి లావు మాను, మనిషి తలకంటే కాస్త పైన ఒక్కసారిగా గుప్పెడు కొమ్మలు చీలిపోయి ఉంటాయి. ఎవరో నరికి వదిలేసినట్టు కనిపిస్తుంది, నిజమే. వంటచెరకు కోసం శతాబ్దాల పాటు కొమ్మల్ని ఆ ఎత్తులో నరుకుతూ వచ్చారు. కింద మేసే పశువులకు కొత్త చిగుళ్లు అందకూడదని అంత పైన కోసేవారు. దీన్ని పొలార్డింగ్ అంటారు. అలా నరికిన చెట్టు మామూలు చెట్టుకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. బొగ్గు వచ్చాక కట్టెల అవసరం తగ్గి ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు పై కొమ్మల బరువుకి మానులు చీలిపోతుంటే, జాగ్రత్తగా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వాటిని నిలబెడుతున్నారు. ‘డ్రూయిడ్స్ ఓక్’ అని ఒక ఓక్ చెట్టు ఉంది, దాని వయసు 800 ఏళ్లు పైనే అని అంచనా. మన కాకతీయుల కాలం నాటి చెట్టు అన్నమాట. పాత చెట్ల మొదళ్ల మీద ఎక్కి ఫొటోలు దిగొద్దు. జనం తొక్కిన కొద్దీ మట్టి గట్టిపడి వేళ్లకి గాలి, నీరు అందవు.

ఇక్కడ మెయిన్ కార్ పార్క్ దగ్గర కేఫ్, టాయిలెట్లు ఉన్నాయి. కార్లు రాని తారు రోడ్లు కూడా లోపల ఉన్నాయి కాబట్టి స్ట్రోలర్‌తోనూ, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతోనూ వెళ్లొచ్చు. చాలా అడవుల్లో ఈ సదుపాయాలేవీ ఉండవు. ఎలిజబెత్ లైన్‌లో బర్నమ్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి గంట నడక అనుకోండి. బస్సులో వెళ్తే ఆదివారం టైమింగ్స్ ముందే చూసుకోండి. హీత్రో దగ్గరే కాబట్టి విమానాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, పూర్తి నిశ్శబ్దం కావాలంటే ఇంకా దూరం వెళ్లాల్సిందే.

ఎప్పుడు వెళ్లాలన్నది ఇక్కడ పెద్ద విషయం. మన నల్లమలలో టేకు, మోదుగ ఆకు రాల్చేది ఎండలు ముదిరి నీళ్లు కరువయ్యే వేళ. ఇక్కడ వెలుతురు తగ్గి చలి ముదిరే అక్టోబరు, నవంబరులో రాలుస్తాయి. ఫొటోల్లో చూసే ఎరుపు, రాగి రంగులు అప్పుడే. బీచ్ ఆకులు రాగి రంగుకి తిరిగాక ఎండ పడితే అడవంతా వెలిగిపోతుంది. మన కార్తీకమాసం కూడా సరిగ్గా అదే సమయానికి వస్తుంది గానీ, వనభోజనాలకి ఉసిరి చెట్టూ దొరకదు, కూర్చునే పొడి నేలా దొరకదు.

ఏప్రిల్ చివర నుంచి మే మధ్య దాకా బ్లూబెల్స్ అనే నీలి పూలు. పై చెట్లకి ఆకులు నిండేలోపు నేల మీద పడే ఎండని వాడుకుని ఈ మొక్కలు గబగబా పూసేస్తాయి. ఆకుల గొడుగు మూసుకున్నాక వాటి పని అయిపోతుంది. అందుకే ఆ రెండు మూడు వారాలు తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌రిడ్జ్ ఎస్టేట్‌లోని డాకీ వుడ్ వీటికి పేరున్న చోటు. పూల మధ్యలో పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో తీయాలని మనందరికీ ఉంటుంది. దయచేసి వద్దు. ఆకులు నలిగితే దుంపకి తిండి తయారవదు, ఆ మొక్క తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. దారి మీద నిలబడి కెమెరా కిందికి దించి తీస్తే పూల మధ్యలో ఉన్నట్టే వస్తుంది. ఇంటి తోటలో నాటుకుందామని దుంప పీకడం చట్టప్రకారం నేరం, 1981 చట్టం కింద ఓనరు అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనీ వేళ్లతో పెకిలించకూడదు.

డిసెంబరులో వెళ్తే మూడున్నరకే అడవిలోంచి బయటికి వచ్చేయండి. నాలుగింటికల్లా పొద్దు గూకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. కార్ పార్క్ గేటు ఎప్పుడు మూస్తారో బోర్డు మీద చూసుకోండి.

ఇక మనుషుల సంగతి. టౌన్‌లో ఎవరూ మొహం చూడరు కానీ, అడవి దారిలో ఎదురైన ప్రతివాళ్లూ ‘మార్నింగ్’ అంటారు. మీరూ ‘మార్నింగ్’ అనండి, ఆగి మాట్లాడక్కర్లేదు. చుట్టూ మనలాంటి మొహం ఒక్కటీ కనబడక, అందరూ మననే చూస్తున్నారేమో అనిపించడం సహజం. ఆ పలకరింపు అటూ ఇటూ అయ్యాక సగం బెరుకు పోతుంది.

కుక్కల భయం ఉన్నవాళ్లకి ముందే చెప్పాలి, ఇక్కడ కుక్కల్ని వదిలేసి నడుస్తారు. అది పరుగెత్తుకొస్తుంటే ఓనరు దూరం నుంచి ‘హి ఈజ్ ఫ్రెండ్లీ’ అని అరుస్తారు. మనకి దానివల్ల వచ్చే ధైర్యం ఏమీ ఉండదు. పరుగెత్తకండి, చేతులు పైకెత్తి అరవకండి, కదలకుండా నిలబడి ‘కుడ్ యూ హోల్డ్ యువర్ డాగ్ ప్లీజ్’ అనండి. మొహమాటం వద్దు, చాలామంది వెంటనే పట్టుకుంటారు. బర్నమ్ బీచెస్‌లో కొంత భాగంలో కుక్కల్ని లీడ్‌తోనే, అంటే మెడకి తాడు కట్టి పట్టుకునే నడిపించాలన్న రూల్ ఉంది, భయమున్నవాళ్లు అటు వెళ్లడం మేలు. దారిలో ఆవులు, దూడలు మేస్తుంటే వాటి మధ్య నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్లండి. గేటు మూసి ఉంటే మూసే వెళ్లండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి.

నా లెక్కలో నలుగురైదుగురికి మించి వెళ్లకపోతేనే బాగుంటుంది. ముప్ఫై మందితో బ్లూటూత్ స్పీకరు, బిర్యానీ గిన్నెలు, అంత్యాక్షరి కావాలనుకుంటే తప్పేం లేదు, దానికి కంట్రీ పార్కులున్నాయి, పిక్నిక్ టేబుళ్లున్నాయి. ఇంగ్లండ్ మొత్తం నేలలో అడవి ఉన్నది సుమారు 10 శాతమే. అందులో నిశ్శబ్దంగా మిగిలిన కాస్త చోటుకి జనం వచ్చేది పిట్టల కూత వినడానికి. బార్బెక్యూ, మంట ఎక్కడా వద్దు. చెత్త డబ్బా ఉండదు, అరటి తొక్కతో సహా ఇంటికి తెచ్చుకోవాలి.

కోసుకోవడం గురించి చాలామంది అడుగుతారు. ఆగస్టు, సెప్టెంబరులో దారి పక్కన బ్లాక్‌బెర్రీలు తినడానికి కోసుకోవచ్చు. వసంతంలో వైల్డ్ గార్లిక్ ఆకు వెల్లుల్లి వాసనకి పప్పులో వేద్దామనిపిస్తుంది. అయితే దాని మధ్యే లార్డ్స్ అండ్ లేడీస్ అనే విషపు మొక్క పెరుగుతుంది. నాలుగు ఆకులు కోశాక చేతికంటిన వాసనకి ఏ ఆకు చూసినా వెల్లుల్లిలాగే ఉంటుంది, కాబట్టి వాసనని నమ్మొద్దు. పుట్టగొడుగులు మాత్రం అసలు ముట్టొద్దు. డెత్ క్యాప్ అనేది చూడ్డానికి మామూలుగానే ఉండి ప్రాణం తీస్తుంది. పైగా బర్నమ్ బీచెస్‌లో, లండన్ పక్కనే ఉన్న ఎపింగ్ ఫారెస్ట్‌లో వాటిని కోయడం నిషేధం. పిల్లలు ఏరుకొచ్చే నున్నటి గోధుమరంగు గింజలు రెండు రకాలు. పైతొక్కకి సన్నటి ముళ్లు దట్టంగా ఉంటే అది స్వీట్ చెస్ట్‌నట్, కాల్చుకు తింటారు. ముళ్లు పొట్టిగా, దూరం దూరంగా ఉంటే కాంకర్, అది తినేది కాదు.

బట్టల విషయంలో ఒక్కటే మాట, బురద. మే నెలలో కూడా ఉంటుంది. తెల్ల స్నీకర్లు, చెప్పులు వద్దు, వాటర్‌ప్రూఫ్ బూట్లు కొనండి, ఛారిటీ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. మోకాలి ఎత్తున గుబురుగా రంపం అంచు ఆకులుండేవి నెటిల్స్, మన దూలగొండిలా తాకితే మంట, దద్దుర్లు. కాసేపటికి తగ్గిపోతాయి.

జాగ్రత్త పడాల్సింది టిక్స్ గురించి. గసగసాల గింజంత ఉండే ఈ పురుగు గడ్డి, ఫెర్న్ ఆకుల మీద నుంచి ఒంటికి అంటుకుంటుంది. కొన్నింటివల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ఫుల్ ప్యాంటు వేసుకుని సాక్స్‌లోకి దోపండి. ఇంటికొచ్చాక చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, పిల్లలకైతే జుట్టు మొదళ్ల దగ్గర కూడా చూడండి. కనబడితే సన్నటి ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా పైకి లాగాలి. కిరోసిన్, అగ్గిపుల్ల లాంటి చిట్కాలు వద్దు. ఆ తర్వాత మూడు నెలల్లోపు ఎప్పుడైనా గుండ్రంగా దద్దు లేచినా, ఫ్లూ లాంటి జ్వరం వచ్చినా జీపీకి (మీ పేరు నమోదైన డాక్టరుకి) గానీ 111 హెల్త్ హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ చేసి టిక్ కుట్టిందని చెప్పండి. మన చర్మపు రంగు మీద ఆ దద్దు ఎర్రగా తేలకపోవచ్చు, వెలుతురులో పరీక్షగా చూడాలి.

కాలు మెలిక పడి కదల్లేకపోతే ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేయండి. మీ నెట్‌వర్క్ సిగ్నల్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ ఏదైనా ఉంటే ఆ కాల్ వెళ్తుంది. ‘చెట్ల మధ్య ఉన్నాను’ అంటే వాళ్లకి అంతుపట్టదు, మీరున్న చోటుకి వాట్‌త్రీవర్డ్స్ యాప్‌లో వచ్చే మూడు పదాలు గానీ మ్యాప్‌లోని గ్రిడ్ నంబరు గానీ చెప్పండి.

ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ గాలి హెచ్చరిక ఇచ్చిన రోజు ఏ అడవికీ వెళ్లొద్దు. పాత బీచ్ కొమ్మలు గాలి లేని వేసవి మధ్యాహ్నం కూడా ఉన్నట్టుండి విరిగి పడతాయి, అందుకని పులిహోర డబ్బా తెరిచేముందు పైన ఎండు కొమ్మ వేలాడుతోందేమో చూసి కూర్చోండి.