చౌక మస్కారా: కంటి కింద నలుపెందుకు, రెప్ప వెంట్రుకలు అతుక్కోడమెందుకు

ఒడిశాలో మా బరంపురం, అక్కడి బొడొబజారులో ఒక ఫ్యాన్సీ షాపు. గాజులు, క్లిప్పులు, సవరాల వెనక అద్దాల బీరువాలో నాలుగైదు మస్కారాలు. "అపా, నూఆ మాల్" (అక్కా, కొత్త సరుకు) అన్నాడు షాపతను ఒడియాలో. 180 అన్నది బేరమాడి 160కి తెచ్చుకున్నాను. మా ఊరి అమ్మవారి పండగ ఠాకురాణి జాత్రకి ఇంకో నెల ఉంది. రెండేళ్ళకోసారి, అదీ వేసవిలో వచ్చే జాత్ర. రాత్రుళ్ళు వీధుల్లో జనం మధ్య ఉక్కపోతలో తిరగాలి. ఏ మస్కారాకైనా ఇంతకన్నా కష్టమైన పరీక్ష ఉంటుందా? అందుకే ముందుగా మూడు వారాలు రోజూ పెట్టుకుని చూశాను.

మొదటి వారమంతా తిప్పలే. చౌకది కొంటే ఇంతేలే అనుకున్నాను. తీరా ఒక్కోటి పట్టి చూస్తే ట్యూబు తప్పు కొంచెమే ఉంది. ఎక్కువ తప్పు నా ముఖం మీది జిడ్డుది, ఆ తర్వాత నా చేతిది.

కంటి కింద నల్లటి మరక

నాలుగో రోజు సాయంత్రం మా పిన్ని కూతురు నన్ను చూసి "ఏటే అక్కా, ఏడిసావేటి?" అంది. ఏడవలేదు. అద్దంలో చూసుకుంటే మాత్రం ఏడుపొచ్చింది.

మరక ఏ రకమో ముందు తేల్చుకోండి. వేలితో తుడిస్తే సిరాలా సాగిందా, మస్కారా కరిగిందన్నమాట. మినప్పొట్టులా పొడిపొడిగా వేలికంటిందా, పెచ్చులూడిందన్నమాట. ఈ రెండింటికీ విరుగుడు ఒకటి కాదు.

సాగే మరకకి అందరూ చెమటనే తిడతారు. తిట్టి వాటర్‌ప్రూఫ్ కొంటారు. అయినా మరక పోదు, ఎందుకంటే అసలు దొంగ నూనె. మస్కారాలో నలుపు ఐరన్ ఆక్సైడ్‌ది. దాన్ని వెంట్రుకకి పట్టి ఉంచేది తేనెమైనం, కార్నోబా లాంటి మైనాలు, వాటితోపాటు పొరలా ఆరిపోయే పాలిమర్లు. వాటర్‌ప్రూఫ్‌ది నీళ్ళని ఆపుతుంది కానీ నూనె ముందు దాని ఆటలు సాగవు. మైనం నూనె తగిలితే మెత్తబడుతుంది, అంతే.

మన ముఖం మీద నూనెకి కొదవా? పొద్దున్నే తలకి పెట్టిన కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది. మన ఎండల్లో అది ఉదయం పది గంటలకల్లా నుదుటి మీద ఉంటుంది, మధ్యాహ్నానికి చెమటతో కలిసి కళ్ళ దాకా దిగుతుంది. సన్‌స్క్రీన్, కంటి కింద రాసే క్రీమూ ఇదే పని చేస్తాయి. వీటన్నిటికన్నా పెద్దది కాటుక. అదీ నూనె, మైనాలతో చేసిందే. కంటి లోపలి అంచున దట్టంగా పెడితే, రెప్ప మూసిన ప్రతిసారీ అది వెంట్రుకల మొదళ్ళకి అంటి మస్కారాని కరిగిస్తుంది. నా ఏడుపుముఖానికి కారణం ఇదే. రెండు రోజులు కాటుక మానేసి చూశాను, మరక సగానికి సగం తగ్గింది. మా అమ్మమ్మ మాత్రం "కాటుక లేని కళ్ళేటే, దీపం లేని ఇల్లులాగ" అని రెండ్రోజులూ సాధించింది.

ఏం చేయాలంటే, తలకి నూనె రాత్రి పెట్టుకుని పొద్దున తలంటుకోండి. మస్కారాకి ముందు రెప్ప మీద, కంటి కింద టిష్యూతో అద్ది, ఇంట్లో ఉన్న ఫేస్ పౌడరే అయినా వేలితో పల్చగా తట్టండి. కళ్ళలో పడనివ్వకండి. కాటుక మానలేనివాళ్ళు మస్కారాని పైవెంట్రుకల కొసలకే ఉంచి, కిందివాటిని వదిలేయాలి. చేతిలో ఇంకొంచెం డబ్బుంటే డబ్బా మీద 'ట్యూబింగ్' అని రాసినది వెతకండి. అది ఒక్కో వెంట్రుక చుట్టూ సన్నటి తొడుగులా ఆరుతుంది కాబట్టి జిడ్డుకి తొందరగా లొంగదు.

పొడిగా రాలుతుంటే మాత్రం కారణం వేరే. మూడు నాలుగు పూతలు వేసి ఉంటారు, లేదా ట్యూబు పాతబడి ఉంటుంది, లేదా కళ్ళు నులుముకునే అలవాటుంటుంది. పల్చటి పూతలు రెండు చాలు.

వెంట్రుకలు గుత్తులుగా అతుక్కుని సాలీడు కాళ్ళలా కనిపిస్తే

కొత్త ట్యూబులో సరుకు పల్చగా, తడిగా ఉంటుంది. చౌకవాటిలో మూతి దగ్గర బ్రష్‌ని గీసే రబ్బరు రింగు కాస్త వదులుగానే ఉంటుంది. దాంతో బ్రష్ మీద కావలసినదానికి రెట్టింపు వస్తుంది. మనమేమో ఇంకా రావాలని సైకిలు పంపు కొట్టినట్టు బ్రష్‌ని పైకీ కిందకీ ఆడిస్తాం. అలా ఆడిస్తే లోపలికి గాలి వెళ్ళి సరుకు త్వరగా ఎండుతుంది.

బ్రష్‌ని లోపల ఒకసారి గుండ్రంగా తిప్పి తీయండి. కొసన వేలాడే ముద్దని టిష్యూకి తుడవండి. మొదలు దగ్గర అటూ ఇటూ కొంచెం కదిపి పైకి లాగండి. రెండో పూత మొదటిది పూర్తిగా ఎండకముందే పడాలి. ఎండిన పూత మీద వేస్తే గడ్డ కట్టి తీరుతుంది. అయిపోయిన పాత మస్కారా బ్రష్‌ని సబ్బుతో కడిగి ఆరబెట్టి దాచుకుంటే దువ్వుకోడానికి పనికొస్తుంది. పిన్నీసుతో వెంట్రుకలు విడదీసేవాళ్ళని కళ్ళారా చూశాను. కంటికి అంగుళం దూరంలో పిన్నీసు! దయచేసి వద్దు.

కర్లర్‌తో రెప్ప వెంట్రుకలు పైకి వంచినా పది నిమిషాల్లో వాలిపోతే

నీటి పాళ్ళు ఎక్కువున్న మామూలు మస్కారా తడికి వెంట్రుకల వంపు విప్పుకుంటుంది, తల తడిస్తే జుట్టు వంకీలు పోయినట్టే. ఇక్కడ మాత్రం వాటర్‌ప్రూఫ్‌ది నయం. కర్లర్ మస్కారాకి ముందే వాడాలి. తర్వాత వాడితే అతుక్కున్న వెంట్రుకలు ఊడి చేతికొస్తాయి.

నెల తిరక్కుండానే ఎండిపోతే

సందేహం ముందు షాపు మీద పెట్టుకోవాలి. చిన్న ఊళ్ళలో మస్కారా మెల్లగా అమ్ముడవుతుంది. ఎండ తగిలే బీరువాలో ఎన్నాళ్ళ నుంచి ఉందో! కొనేటప్పుడు తయారీ తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నాయో లేదో, సీలు ఊడి ఉందేమో చూడండి. "ఒకసారి పెట్టి చూడండి" అని తెరిచి ఇచ్చే ట్యూబు అసలు ముట్టుకోకండి.

ఎండిన ట్యూబులో నీళ్ళ చుక్క వేయడం మన ఇళ్ళలో మామూలే. ఒకప్పుడు మస్కారా బిళ్ళగా వచ్చేది. నీళ్ళు అందకపోతే ఉమ్మితో తడిపి బ్రష్‌తో రుద్దేవారట. ఇప్పటి ట్యూబులో చెడిపోకుండా వేసే మందు కొలత ప్రకారం ఉంటుంది. నీళ్ళు పోస్తే అది పల్చబడి సూక్ష్మజీవులకి విందు. నీళ్ళకి బదులు మూత గట్టిగా బిగించిన ట్యూబుని గోరువెచ్చటి నీళ్ళ గ్లాసులో నాలుగైదు నిమిషాలుంచండి, మైనం మెత్తబడుతుంది. 800 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్న కొరాపుట్‌లో మా చిన్నత్తకి చలికాలంలో రోజూ ఇదే పని. అక్కడ ఎండిపోవడం కాదు, చలికి బిగుసుకుపోవడం. తెరిచి మూడు నెలలు దాటిన ట్యూబు మెత్తబడినా మళ్ళీ కంటికి పెట్టకండి. తెరిచిన తేదీ ట్యూబు మీద స్కెచ్ పెన్నుతో రాసుకోండి.

మంట, ఎరుపు, కురుపు

ఇక్కడ చిట్కాల్లేవు. వెంటనే తుడిచేసి, ట్యూబు పారేయండి. 160 రూపాయలే. కళ్ళకలక గాని కురుపు గాని వచ్చి తగ్గాక కూడా ఆ పాతది మళ్ళీ వాడకూడదు. నొప్పి, చూపు మసక, వెలుతురు చూడలేకపోవడం ఉంటే కంటి డాక్టరు దగ్గరికే. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు లెన్సులు ముందు పెట్టుకుని ఆ తర్వాతే మస్కారా వేసుకోవాలి. ఇంకొకటి: పెళ్ళింట్లో ఒక్క ట్యూబు పదిమంది కళ్ళు తిరుగుతుంది, ఒకరి కలక అందరికీ పంచుతుంది. అడిగితే ఇవ్వనన్నానని మా ఆడపడుచు ఇప్పటికీ మూతి తిప్పుతుంది.

తుడుస్తుంటే వెంట్రుకలు రాలితే

రోజూ ఒకటో రెండో వాటంతటవే రాలతాయి, కంగారక్కర్లేదు. ఎక్కువ రాలుతున్నాయంటే రుద్దుతున్నారన్నమాట. దూదికి కొంచెం కొబ్బరినూనె అద్ది, మూసిన కంటి మీద అర నిమిషం కదపకుండా ఉంచి, కిందకి ఒక్క లాగు లాగండి. పొద్దున కొంప ముంచిన నూనే రాత్రికి చుట్టమైంది చూశారా! చూపు కాసేపు మసగ్గా ఉంటుంది, ముఖం కడుక్కుంటే సరి. ట్యూబింగ్‌దైతే గోరువెచ్చటి నీళ్ళు చాలు, నల్లటి నూలుపోగుల్లా ఊడి వస్తుంది. నాకైతే మొదటిసారి వెంట్రుకలే ఊడాయని గుండె ఆగినంత పనైంది.

జాత్ర రాత్రి కాటుక లేకుండా, పౌడరు తట్టుకుని, రెండు పూతలతో బయల్దేరాను. పులివేషాల వెనక మూడు గంటలు తిరిగి ఇంటికొచ్చి అద్దం చూస్తే కుడి కన్ను పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎడమ కంటి చివర చిన్న గీత. ఎడమ చేత్తో కొంగు పట్టి చెమట తుడుచుకోవడం నాకు అలవాటు మరి.